మరొకరి నోట దాచిన నీళ్లు

తన పొలం ఎక్కడుందో వెంకటరత్నమ్మకు అంతుపట్టలేదు.

మొన్నటిదాకా చీకట్లో కూడా తడుముకోకుండా వెళ్లగలిగిన చోటది. ఇప్పుడు గట్లు లేవు, మడులకు నీళ్లు తెచ్చే బోదెలు లేవు, మడికీ మడికీ తేడా లేదు. ఎటు చూసినా మోకాలి లోతు ఒండ్రు, దాని మీద అక్కడక్కడా ఇసుక మేటలు, వేళ్లతో సహా పెకలించుకొచ్చిన తుమ్మకంపలు. రోజుల తరబడి కురిసిన వానకి పైన పిల్లకాలువకు గండి పడింది. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లూ వాన నీళ్లూ ఒకటై, పెద్దతూము కింద సాగయ్యే పొలాలన్నిటినీ తుడిచిపెట్టుకుపోయాయి. తూము కూడా పోయింది. అది ఉన్నచోట పెద్ద గుంట, అందులో ఎర్రటి నీళ్లు.

కొత్తూరు క్యాంపు జనమంతా కాలువ కట్ట మీద నిలబడి చూస్తున్నారు. పక్కింటి రంగయ్య ఆమె మొహం చూసి ఏదో ధైర్యం చెప్పాలనుకున్నాడు.

"భూమి ఎక్కడికి పోద్ది రత్నమ్మా! సర్వేవాళ్లొచ్చి గొలుసేసి కొలిచి రాళ్లు పాతి పోతారు. ఇక నీళ్ల సంగతంటావా..." అని ఆగిపోయాడు.

ఆగిపోవడం ఎందుకో అక్కడున్న అందరికీ తెలుసు. పొలం హద్దులకు సర్కారు కొలతలున్నాయి. నీళ్లకు లేవు. పెద్దతూము దాకా నీళ్లు తెచ్చి వదలడమే కాలువ శాఖ పని. అక్కణ్ణించి ఏ మడికి ఎటుగా పోవాలి, ఎవరి తర్వాత ఎవరు తడుపుకోవాలి, బోదెకు అడ్డంగా దించిన చెక్కపలక ఎవరిది ఎవరు ఎత్తవచ్చు అన్నది జనం తమలో తాము కుదుర్చుకున్న ఏర్పాటు. అదంతా నేల మీద బోదెల రూపంలోనే ఉండేది. ఆ నేలే ఇప్పుడు చెరిగిపోయింది.

ఆ తూము కింద సగం పొలాలు, వలస వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరైన కొత్తూరు క్యాంపువాళ్లవి. కాలువ వస్తోందని విని రేపల్లె వైపు నుంచి ఉన్న కాస్త చెక్కా అమ్ముకుని, బండ్ల మీద సామాను వేసుకుని వచ్చినవాళ్లు. మిగతా సగం హొసళ్ళి వాళ్లవి. తరతరాలుగా ఆ నల్లరేగడిలో జొన్న, పత్తి పండించుకుంటూ వచ్చినవాళ్లు. వాళ్ల ఇళ్లలో కన్నడమూ, రాయచూరు వైపు తెలుగూ రెండూ వినిపిస్తాయి. రెండు ఊళ్లకీ ఒకటే తూము కావడంతో, కలిసి బతకక తప్పలేదు.

ఏర్పాట్లు కూడా ఒక్క తీరుగా ఉండేవి కావు. ఒకరికి పలక ఎత్తే హక్కు ఉంటే, దించే హక్కు పక్కవాడిది. ఒకరు బోదెలో కడవ ముంచుకోవచ్చు కానీ పలక ముట్టరాదు. ఒకరి గొడ్లు తాగవచ్చు కానీ దిగరాదు. ఒకరి బండి మరొకరి గట్టు మీదుగా కోతల్లో పోవచ్చు, నాట్లప్పుడు పోకూడదు. ఏళ్ల మీద ఏళ్లు, తగాదా వచ్చినప్పుడల్లా ఒకటి చొప్పున కుదిరిన ఒప్పందాలివి. ఎవరికి వాళ్లకు తమది తెలుసు. మొత్తం తెలిసినవాడు ఒక్కడూ లేడు.

అయితే, ఇలాంటి రోజొకటి వస్తుందని ముందే అనుకున్న మనిషి ఒకాయన ఉండేవాడు. క్యాంపుకి పెద్ద, శివరామకృష్ణయ్య.

ఆయన చిన్నతనంలో, సముద్రం ఒడ్డునున్న వాళ్ల ఊరి మీద తుపాను ఉప్పెన పడింది. నీళ్లు తీశాక గట్లు లేవు. "నాది ఇంత అని ప్రతివాడూ లేచి చెప్పాడు," అనేవాడాయన. "అందరూ చెప్పింది కలిపితే ఉన్న కాలువకి రెండింతల కాలువ కావాల్సొచ్చింది. మా అన్న పార దెబ్బకి పోయాడు. కొట్టినవాడు అంతకు ముందురోజు మా ఇంట్లో అన్నం తిన్నవాడే."

అందుకని ఆయన, క్యాంపు నిలదొక్కుకున్న కొత్తలోనే రెండు ఊళ్లవాళ్లనీ తూము దగ్గర కూర్చోబెట్టి ఒక కట్టుబాటు పెట్టాడు. ఏటా వేసవిలో కాలువ కట్టేసినప్పుడు అందరూ అక్కడికి రావాలి. ఎవరి ఏర్పాటు వాళ్లు మరో ఇద్దరికి చెప్పాలి. ఆ ఇద్దరిలో ఒకరు క్యాంపు మనిషి, ఒకరు హొసళ్ళి మనిషి. చుట్టరికం ఉండకూడదు. విన్నవాళ్లు తిరిగి అప్పజెప్పాలి. తప్పుంటే సొంతదారు దిద్దాలి. అంతే. ఆ తర్వాత ఎప్పుడైనా పేచీ వస్తే సొంతదారు మాట చెల్లదు. దాచుకున్న ఇద్దరి మాటే చెల్లుతుంది.

"కాగితం మీద రాసుకుంటే పోయేదానికి ఇంత తతంగం ఎందుకండీ?" అని రంగయ్య అప్పట్లో అడిగాడు.

"కాగితం ఒకరి పెట్టెలో ఉంటదయ్యా. ఆ పెట్టె ఉన్నవాడు రేపు మనందరికీ దొరవుతాడు. పైగా నీళ్లొస్తే ముందు నానేది పెట్టే."

"మరి మనకి గిట్టనివాడి దగ్గర మన మాట ఉంటే?"

శివరామకృష్ణయ్య నవ్వాడు. "అందుకే ఇద్దర్ని పెట్టింది. అయినా చూద్దువు గాని, తన వంతు చెప్పుకునేటప్పుడు సాగే నాలుక, ఒకడు నమ్మి దాచిపెట్టిన మాట చెప్పేటప్పుడు సాగదు."

జనం మొదట్లో ఇదేదో ముసలాయన చాదస్తం అనుకున్నారు. తర్వాత అలవాటైపోయింది. ఏటా వేసవిలో మజ్జిగ తాగుతూ, నవ్వుకుంటూ అప్పజెప్పేవారు. ఆ మాటలతో నిజంగా పని పడుతుందని ఎవరూ అనుకోలేదు.

వెంకటరత్నమ్మ భర్త పిచ్చయ్య ఉన్నన్నాళ్లూ ఆయనే వెళ్లేవాడు. వాళ్ల మాట దాచింది క్యాంపు తరఫున శివరామకృష్ణయ్య, హొసళ్ళి తరఫున అమరేశప్ప. అమరేశప్ప పొలం వాళ్ల పొలానికి ఎగువన ఉంది. పిచ్చయ్య పొద్దున్నే వెళ్లి అమరేశప్ప గట్టు మీదున్న పలక ఎత్తి వచ్చేవాడు, నీళ్లు వచ్చేవి. అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు. మగవాళ్లు ఒకరి మొహమాటానికి ఒకరు చేసుకుంటున్న సాయం కాబోలు అనుకుంది.

పిచ్చయ్య విషజ్వరంతో పోయాడు. దినాలు గడిచిన కొద్దిరోజులకే ఆమె గేదె కట్టుగొయ్య పీకేసుకుని అమరేశప్ప జొన్నచేలో పడింది. అమరేశప్ప దాన్ని బందెలదొడ్డికి తోలించాడు. అసలే మనసు కుదుట లేదేమో, వెంకటరత్నమ్మ హొసళ్ళి వెళ్లి, నడివీధిలో అతని గడప ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది. అతనూ ఊరుకోలేదు. "మళ్ల నా గట్టు మీద కాలు పెట్టినవంటే చూడు!" అని అరిచాడు.

ఆమె ఇక కాలు పెట్టలేదు. పలక ఎత్తలేదు. ఆ మాటతో నీళ్లు కూడా పోయాయనే అనుకుంది. ఆ వేసవిలో తూము దగ్గరికి తనే వెళ్లాల్సి వచ్చింది. తన వంతు చెప్పమన్నారు. అమరేశప్ప అటు తిరిగి కూర్చున్నాడు. ఆమె తలెత్తకుండా "పాతదే" అంది. అతను కూడా ఎటో చూస్తూ "పాతదే" అన్నాడు. శివరామకృష్ణయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తర్వాత మాట్లాడదాంలే అనుకున్నట్టు ఊరుకున్నాడు.

తర్వాత మాట్లాడటానికి ఆయనకి వీలు కాలేదు. వానలు మొదలైన కొత్తలో పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. వెంకటరత్నమ్మ చూడబోయి, మంచం పక్కన కూర్చుని, నీళ్లు సరిగా అందడం లేదని చెప్పుకుంది. ఆయన పెదవులు వణికాయి. మాట రాలేదు. బాగున్న చెయ్యి ఎత్తి హొసళ్ళి వైపు చూపించాడు. మళ్లీ మళ్లీ చూపించాడు. వెళ్లి అమరేశప్పని అడుగు అంటున్నాడని ఆమెకు అర్థమైంది. వెళ్లలేదు. కిందికి ఊరివచ్చే నీళ్లతోనే రెండు పంటలు ఈడ్చింది. పేరుకే వరి, గింజ తక్కువ, తాలు ఎక్కువ. శివరామకృష్ణయ్య మంచాన పడటంతో మరుసటి వేసవి తూము దగ్గర ఎవరూ కూడలేదు. గండి పడే నాటికి ఆయన కూడా పోయాడు.

చలికాలమంతా కాలువ శాఖవాళ్లు గండి పూడ్చారు. వేసవి ముగిసేసరికి కొత్త తూము కట్టారు. సర్వే రాళ్లు పాతారు. ఇక నీళ్లు వదలాలంటే తూము కింద బోదెలు తవ్వుకోవాలి. అవి ఎలా తవ్వాలో తేల్చడానికి ఒక పొద్దున ఓవర్సియర్ గురునాథ్ సైకిలు మీద వచ్చాడు.

అతనిది రాయచూరు టౌను. అక్కడి పాత తెలుగు కుటుంబం. వయసు చిన్నదే, మాట మాత్రం నిదానం. తూము పక్కన కొత్త సిమెంటు దిమ్మె మీద కూర్చుని, రెండు ఊళ్లవాళ్లూ అరుస్తున్నదంతా విన్నాడు. విని, చెయ్యెత్తాడు.

"జర ఆగుండ్రి. గిట్ల అందరు ఒక్కసారే అంటె నాకేం సమజయితది? నాకు తెల్సింది చెప్త. ఎకరాకు ఇంత అని లెక్కగట్టి, తూము కాడికెల్లి నిట్ట నిలువుగ బోదె గీస్త. ఎవ్వరికి తక్కువ గాదు, ఎవ్వరికి ఎక్కువ గాదు. పాతయన్ని మర్చిపోండ్రి. ఏమంటరు?"

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మెరక పొలం ఉన్నవాడికి నిట్ట నిలువు బోదెలో నీళ్లు ఎక్కవు. చౌడునేల ఉన్నవాడికి రెండు తడులు ఎక్కువ కావాలి. అసలు సెంటు భూమి లేని వాళ్లకు ఎకరా లెక్కలో చుక్క కూడా రాదు. జనం వెనకాల కూర్చున్న హనుమమ్మ అలాంటి మనిషే. హొసళ్ళిలో ఒంటరి ఆడది. వెంకటరత్నమ్మ చేను చివర, పోరంబోకులో చారెడు మిరపతోట పెంచుకుని బతుకుతోంది.

రంగయ్య ముందుకొచ్చాడు. "అయ్యా, మా దగ్గర పాతయన్నీ ఉన్నాయండీ."

"ఏడున్నయి? సూపెట్టు."

"చూపించేవి కాదండీ. మాటలు. మా మాటలు వాళ్ల దగ్గరున్నాయి, వాళ్ల మాటలు మా దగ్గరున్నాయి." అని శివరామకృష్ణయ్య పెట్టిన కట్టుబాటు చెప్పాడు.

గురునాథ్ తల ఊపుతూ విన్నాడు. చివరికి, "మంచిగుంది," అన్నాడు. "కాని ఒకటి. ఒకరు చెప్తాంటె రెండో ఆయన వినొద్దు. ఆ తుమ్మచెట్ల కాడ నిలవడాలె. పిలిస్తెనే రావాలె. ఎవరి వంతయితే వాల్లు ఇటు వీపు పెట్టి కూసోవాలె, తల తిప్పొద్దు. ఇద్దరి మాట ఒక్కటయితే గట్లనే తవ్వుదాం. కాకుంటె నేను చెప్పినట్ల. ఇష్టమేనా?"

అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ఒక్కొక్కరి మొహంలోనూ భయం కనిపించింది. తమ నీళ్లు తమ చేతిలో లేవని అప్పుడు తెలిసొచ్చింది వాళ్లకు. ఎవరి దగ్గరో ఉన్నాయి.

ముందుగా రంగయ్య వంతు. హొసళ్ళి బసన్న ముందుకొచ్చాడు. పొడుగాటి మనిషి, మాటకారి కాదు. కిందటేడు అతనికీ రంగయ్యకీ ఎద్దుల బేరంలో తేడా వచ్చి మాటల్లేవు.

"రంగయ్య మడికి నీల్లు బోదె మొదటి వంక తిరిగినకాడి నుంచి," అని మొదలుపెట్టాడు బసన్న, కళ్లు మూసుకుని. "నా చేనుల మూలకెల్లి పోవాలె. పలక ఆయనే ఎత్తాలె, నేను దించాలె. చౌడు మూలకి ఒక తడి ఎక్కువ. నా బండి ఆయన గట్టు మీద కోతలప్పుడే. నాట్లల ఎక్కించిన్నంటే తప్పు నాది."

అతన్ని పంపేసి, రంగయ్య మాట దాచిన క్యాంపు మనిషిని తుమ్మచెట్ల దగ్గర్నించి పిలిచారు. అతను చెప్పాడు. మొదటి వంక, చేను మూల, ఎత్తేది ఆయన, దించేది బసన్న, చౌడుకు ఒక తడి, కోతల్లో బండి. మాటలు వేరు, యాస వేరు. విషయం గింజంత కూడా తేడా లేదు.

గురునాథ్ లేచి వెళ్లి అక్కడ ఒక కొయ్య పాతించి వచ్చి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఇంకొకరు. తర్వాత మరొకరు. పొద్దు పైకెక్కింది. మొదట్లో గుసగుసలు, నవ్వులు ఉండేవి. మెల్లగా అవి ఆగిపోయాయి. ఒకడు, తనను కోర్టుకు ఈడ్చిన మనిషి నీళ్ల వంతు తడబడకుండా అప్పజెప్పాడు. ఒకడు, ఏడాది పొడుగునా తన గట్టు కోశాడని ఎవరినైతే తిట్టాడో, ఆ మనిషి గొడ్లు తన బోదెలో తాగవచ్చని చెప్పాడు. చెప్పినవాళ్లు మొహాలు పక్కకు తిప్పుకుని వెళ్లి కూర్చున్నారు. విన్నవాళ్లు తలలు దించుకున్నారు. నేల మీద కొయ్యలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. వాటికి తాడు కడుతుంటే, వరద తుడిచేసిన బోదెలు ఆ బురదలోంచి మళ్లీ పైకి తేలి వస్తున్నట్టు కనిపించింది వెంకటరత్నమ్మకు. పక్కన ఎవరో ముసలావిడ గుళ్లో నిలబడ్డట్టు చేతులు జోడించింది.

హనుమమ్మ వంతు వచ్చింది. ఆమె మాట దాచింది హొసళ్ళి వైపు నుంచి బసన్నే. క్యాంపు వైపు నుంచి పిచ్చయ్య. పిచ్చయ్య పోయాక, ఆయన మోసిన మాట కాబట్టి దాన్ని వెంకటరత్నమ్మకే అప్పజెప్పారు.

ఆమె తుమ్మచెట్ల దగ్గర నిలబడి ఉంది. గాలి అటునుంచే వీస్తోంది. వినకూడదని ఎంత అనుకున్నా బసన్న మాటలు చెవిన పడ్డాయి.

"హనుమమ్మ కడవతోటి ఎప్పుడంటే అప్పుడు ముంచుకోవచ్చు. పలక ముట్టరాదు. గంతే."

అంతే కాదు. బసన్న ఒకటి మర్చిపోయాడు. వెంకటరత్నమ్మ మడి నిండాక చివరి పలక పూర్తిగా దించకూడదు. పిడికిలి పట్టేంత సందు వదలాలి. తెల్లారేదాకా ఆ సందులోంచి పారే నీళ్లు హనుమమ్మ మిరపతోటకు. అదీ ఆ మాటలో సగం.

ఆమెను పిలిచారు. ఆ నాలుగు అడుగులూ నడుస్తుంటే ఎన్నో తోచాయి. తను కూడా ఆ సందు సంగతి ఎత్తకపోతే ఇద్దరి మాటా ఒకటే అవుతుంది. ఎవరూ తప్పు పట్టలేరు. తన వంతు ఇవాళ ఉంటుందో ఊడుతుందో తెలియదు. దాచిన ఇద్దరిలో ఒకరు మట్టిలో కలిశారు, రెండో మనిషి గట్టు మీద కాలు పెట్టొద్దన్నవాడు. రేపు ఊటనీళ్లే దిక్కయితే, పిడికెడు సందైనా పిడికెడు నీళ్లే కదా.

హనుమమ్మ దూరంగా వీపు ఇటు పెట్టి కూర్చుంది. సొంతదారులు తల తిప్పకూడదన్నారు మరి. చీరకొంగు భుజాల చుట్టూ లాక్కుని, గట్టిగా పట్టుకుని ఉంది. ఆ పట్టు చూస్తే వెంకటరత్నమ్మకు పిచ్చయ్య ఈ మాట తనకు చెప్పిన తీరు గుర్తొచ్చింది. అన్నం తింటూ చెప్పాడు. 'ఆ సందు ముయ్యమాకే. ఎవరూ అడగలేరు కాబట్టి ముయ్యమాక.'

"కడవతో ముంచుకోవచ్చండీ," అంది ఆమె. "పలక ముట్టకూడదు. మా మడి నిండాక పలకకింద పిడికిలంత సందు వదలాలి. తెల్లారేదాకా. అది హనుమమ్మ మిరపతోటకి."

గురునాథ్ కనుబొమలు ముడిచాడు. "ఇద్దరి మాట కలుస్తలేదు గద!"

బసన్న ఠక్కున నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో, సందు! సందు మర్సిపోతిని! ఆమె చెప్పింది ఖరే సార్. తప్పు నాదే."

"ఆ సందు ఎవరి నీల్లకెల్లి పోతది?" అని గురునాథ్ అడిగాడు.

"మా నీళ్లలోంచేనండీ," అంది వెంకటరత్నమ్మ.

అతను ఆమెను ఒకసారి పరకాయించి చూశాడు. తర్వాత తనే లేచి వెళ్లి, చివరి కొయ్య తన చేత్తో పాతాడు.

ఆఖరుకు ఆమె వంతు మిగిలింది.

"ఈమెది ఎవరి కాడున్నది?"

"ఒకరు శివరామకృష్ణయ్య గారండీ. పోయారు," అన్నాడు రంగయ్య. "రెండో ఆయన అమరేశప్ప." ఆ పేరు చెప్పి, తప్పు చేసినట్టు చూశాడు.

జనంలో ఒక కదలిక. గేదె గొడవ ఎరగనివాళ్లు అక్కడ లేరు. వెంకటరత్నమ్మ వెళ్లి, అందరిలాగే, వీపు తిప్పి కూర్చుంది. ఎదురుగా ఒండ్రుమట్టి ఎండి బీటలు వారి ఉంది. వెనక అడుగుల చప్పుడు. అమరేశప్ప దగ్గే దగ్గు ఆమెకు తెలుసు. 'పాతదే' అంటాడు. పాతది ఏమిటని అడిగితే ఏమీ లేదంటాడు. అనుకుని కళ్లు మూసుకుంది.

"పిచ్చయ్య మడికి నీల్లు నా చేను నట్టనడుమకెల్లి పోవాలె," అన్నాడు అమరేశప్ప. గొంతు గట్టిగా ఉంది. "పక్కకెల్లి గాదు, నట్టనడుమ. ఆ మడి మెరకుంటది, పక్కకెల్లి ఎక్కదు. పలక నా గట్టు మీదుంటది, ఎత్తేది దించేది వాల్లే. నన్ను అడిగే పన్లేదు. ఏటా కాలువ ఇడిసినంక మొదటి నీల్లు వాల్ల నారుమడికి. అది నిండినంకనే నాకు. ఇది పిచ్చయ్య ఉన్నన్నొద్దులు అని గాదు. ఆయన ఇంట్ల ఎవరుంటె వాల్లకు."

వెనక కూర్చున్నవాళ్లు ముందుకు జరిగిన చప్పుడు వినిపించింది.

"మొదటి నీల్లు ఎందుకు?" గురునాథ్ అడిగాడు. "ఎగువన ఉన్నది నువ్వు గద?"

"కాలువ వచ్చిన కొత్తల మాకు వరి తెల్వదు సార్. జొన్నలు, పత్తి, గంతే. నారు పోసిన, ఎట్ల నాటాలెనో తెల్వలే. పిచ్చయ్య వచ్చి నా మడిల దిగిండు. మడి అంత నాటినంకనే పోయిండు. గప్పటికి ఆయన నారు ముదిరిపాయె, సగం ఎండిపాయె. నాకు చెప్పలే. ఎనక తెల్సింది. గందుకే మొదటి నీల్లు ఆయనయి అన్న."

వెంకటరత్నమ్మ కళ్లు తెరిచింది. ఆ ఏడు ఆమెకు బాగా గుర్తుంది. నారంతా ఎండబెట్టుకున్నావు, చేతకాని మనిషివని మొగుణ్ణి ఎన్నాళ్లు సాధించింది! ఆయన నవ్వి ఊరుకున్నాడే తప్ప, ఎక్కడికి వెళ్లాడో చెప్పలేదు. ఆ సంగతి ఇన్నేళ్లూ ఈ మనిషి దగ్గర ఉంది.

జనంలోంచి ఎవరో లేచారు. "ఒక్క నోటి మాటే కదండీ! ఇద్దరుండాలన్నారుగా?"

గురునాథ్ తల అడ్డంగా ఊపాడు. "ఎవ్వడన్న తన చేనును నడుమకి చీల్చుకునేటట్టు అబద్ధం చెప్తడా? ఆయన చెప్పిన మాట ఆయనకే నష్టం. నాకు ఇంకో నోరు అక్కర్లేదు." తర్వాత అమరేశప్ప వైపు తిరిగాడు. "మరి రెండేండ్ల సంది ఆ పలక మూసినవని పొద్దుగాల ఎవరో అన్నరు గద?"

"నేను మూయలే," అన్నాడు అమరేశప్ప. మొదటిసారి అతని గొంతు తగ్గింది. "కోపంల గట్టెక్కొద్దన్న. అన్న మాట నిజమే. కాని పలక నేను ముట్టలే సార్. అది ముట్టే హక్కు నాకేడిది? కాలువ ఇడిసినప్పుడల్ల ఆమె వస్తదని చూసిన. రాలే. పిలుద్దామంటె నాకు నోరు రాలే."

వెంకటరత్నమ్మ లేచి వెనక్కి తిరిగింది. నియమం ప్రకారం తిరగకూడదు. అమరేశప్ప తలపాగా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండేళ్లలో బాగా నెరిశాడు. అంత కోపంలో కూడా ఆమె నీళ్లు చెక్కుచెదరకుండా మోస్తూ వచ్చాడు. తను తిట్టిన నోటికి అతను తిరిగి తిట్టాడు కానీ, దాచిన దాని జోలికి పోలేదు. ఆమెకు ఆకాశం దగ్గరగా వచ్చినట్టు, తను చాలా చిన్నదైపోయినట్టు అనిపించింది.

"నడుమకెల్లి తాడు పట్టండ్రి," అన్నాడు గురునాథ్ తన మనుషులతో.

బోదెలు తవ్వడం వారం పది రోజులు సాగింది. రెండు ఊళ్లూ కలిసి తవ్వాయి. అమరేశప్ప తన చేను నడిమధ్య తనే మొదటి పార వేశాడు. ఇద్దరి మాటా కలవనివి ఒకటి రెండు తేలాయి. వాటికి గురునాథ్ చెప్పిన లెక్కే వేశారు, ఎవరూ గొణగలేదు. శివరామకృష్ణయ్య మోసిన మాటలకు కొత్త మనుషుల్ని పెట్టారు. వెంకటరత్నమ్మ తన వంతు మొదటిసారి సొంత నోటితో రంగయ్య తమ్ముడికి చెప్పింది. చెబుతుంటే ఒకచోట తడబడింది. పక్కనే కూర్చున్న అమరేశప్ప మెల్లగా అందించాడు.

కాలువ విడిచిన రోజు జనమంతా కట్ట మీదే ఉన్నారు. కొత్త తూములోంచి నీళ్లు ముందు నురగగా, చెత్తతో, తర్వాత తేటగా వచ్చాయి. మొదటి వంక దగ్గర రెండుగా చీలాయి. చౌడు మూలకు తిరిగాయి. బసన్న చేను మూల దాటాయి. ఎవరూ చెయ్యి పెట్టి మళ్లించలేదు. వరదకు ముందు ఎటు పోయేవో అటే, ఎవరి తర్వాత ఎవరి దగ్గర ఆగేవో అలాగే, దారి తెలిసిన పశువులు ఇళ్లకు చేరినట్టు మడి మడికీ చేరుతున్నాయి. పిల్లలు కేకలు వేస్తూ నీళ్ల వెంట పరిగెత్తారు. పెద్దవాళ్లు కట్ట మీద నుంచే చూశారు. రాళ్లతో, సిమెంటుతో కట్టిన తూమునే మింగిన వరద, మనుషులు ఒకరి కోసం ఒకరు దాచిన ఈ దారిని మాత్రం తాకలేకపోయింది. గురునాథ్ బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, బోదె పక్కనే నడుస్తూ నీళ్లు ఎటు పోతే అటు చివరిదాకా వెళ్లాడు.

వెంకటరత్నమ్మ అమరేశప్ప గట్టు ఎక్కింది. పలక కొత్త చెక్క, నీళ్ల బరువుకు బిగుసుకుంది. రెండు చేతులా పట్టి లాగితే ఒక్కసారిగా లేచింది. నీళ్లు చేను నట్టనడుమగా ఆమె మెరక మీదికి పాకి, నారుమడిలోకి దిగాయి. ఎండిన మట్టి నీళ్లు పీలుస్తూ చిటపటమంది.

అవతలి గట్టు మీద అమరేశప్ప పార భుజాన వేసుకుని నిలబడ్డాడు. అతని మడి ఇంకా పొడిగానే ఉంది.

"సాయంత్రానికి దించేస్తానండీ," అంది ఆమె. "మీ నారుకి ఆలస్యమైపోద్ది."

"నిండనియ్యమ్మా," అన్నాడతను. పార దించి, దాని పక్కనే గట్టు మీద కూలబడ్డాడు. "నాకేం తొందర లేదు."

ఆమె కూడా పలక పక్కనే కూర్చుంది. ఇద్దరి మధ్యా బోదెలో నీళ్లు పారుతున్నాయి. ఇద్దరూ వాటినే చూస్తూ చాలాసేపు కూర్చున్నారు.